రెండంగుళాలు లేచిన జిమ్నీకి జామెట్రీ సరిచేసిన బాలానగర్ షెడ్డు

హైదరాబాద్‌లో బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ బిగించే షాపులు చాలానే ఉన్నాయి. ఎత్తు పెరిగిన బండి ముందు ఇరుసు కోణాలు కొలిచి తిరిగి దారికి తెచ్చే చోటు కావాలంటే మాత్రం నలుగురిని అడగాలి. నాకది బాలానగర్‌లో, లేత్ మిషన్ల సందులో, ఒక రేకుల షెడ్డులో దొరికింది. అక్కడ చేయించుకున్న పని గురించి రాస్తున్నాను. పని గట్టిది. తొందరున్నవాళ్లకు కుదరదు. నేనైతే మళ్లీ అక్కడికే వెళ్తాను.

షెడ్డు పేరు రాయడం లేదు, ఉస్తాద్ వద్దన్నాడు. ఆయన, ఇద్దరు కుర్రాళ్లు, ఒక్క పిట్టు. ఒక బండి ఎక్కితే పనయ్యేదాకా ఇంకోటి ఎక్కదు. ఫోర్ బై ఫోర్ బండ్ల ముందు ఇరుసు పని ఎవరు చేస్తారని ఆ చుట్టుపక్కల ఏ లేత్ షాపులో అడిగినా చెయ్యెత్తి చూపిస్తారు.

నేను పశువైద్యురాలిని. ఉండేది లంగర్‌హౌజ్‌లో, తిరిగేది మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి చుట్టూ ఉన్న డెయిరీలు, పొలాల మధ్య కొట్టాలు. ఈనలేక గేదె అవస్థ పడుతోందని రాత్రి ఫోను వస్తే, వానాకాలంలో ఆఖరి కిలోమీటరు రేగడి బురదే. బండి వెనక ఎప్పుడూ మందుల పెట్టె, టీకాల ఐస్ బాక్సు, ద్రవ నత్రజని డబ్బా ఉంటాయి. ఆ డబ్బాలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే సెమెన్ స్ట్రాలు (వీర్యం నింపిన సన్న గొట్టాలు) మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటాయి. డబ్బా నిలువుగా ఉండాలి, ఒరిగితే నత్రజని ఒలికిపోతుంది. అందుకే బండి బురద దాటడమొక్కటే నాకు చాలదు. తారు రోడ్డు మీద ఊగకుండా, పక్కకు లాగకుండా నడవాలి.

కొన్నది సెకండ్ హ్యాండ్ జిమ్నీ. మారుతి 2023లో మన దగ్గర దించిన అయిదు డోర్ల బండి. ముందు ఓనరు రెండంగుళాల లిఫ్ట్ వేయించి ఉన్నాడు: పొడవు స్ప్రింగులు, వాటికి తగిన షాకులు (షాక్ అబ్జార్బర్లు), కంపెనీ 195/80 ఆర్ 15 టైర్ల బదులు 215/75 ఆర్ 15. కొనేముందే కింద పడుకుని చూశాను. స్ప్రింగులు, షాకులు మంచివే. అవి తప్ప ఇంకేమీ మారలేదు. ఆ పని బాకీ ఉందని తెలిసే, ధరలో తగ్గించుకుని కొన్నాను.

బాకీ ఎలా కనబడిందో చెప్తాను. చేవెళ్ల రోడ్డు మీద రెండు వైపులా పాత మర్రి చెట్లు, వాటి మధ్య ఇరుకు తారు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు ఎడమ చక్రం అంచు దిగి మళ్లీ ఎక్కాలి. అలా ఎక్కిన ప్రతిసారీ బండి ఒక్క క్షణం తన ఇష్టానికి పోయేది. చేత్తో పట్టి తేవాల్సి వచ్చేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభై దాటితే స్టీరింగ్ తేలిపోయేది, ఒక్క చెయ్యి తీయడానికి కూడా వీల్లేదు. యూ టర్న్ తీసుకుని వదిలితే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, పూర్తిగా తిప్పుకోవాలి. బండి నేరుగా పోతున్నప్పుడు వీల్ కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. మలుపుల్లో అప్పుడప్పుడు, బండి జారకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఈఎస్‌పీ లైటు మిణుకుమని ఒక చక్రానికి బ్రేకు తగిలినట్టయ్యేది.

ఇలాంటి బండి తీసుకెళ్తే మామూలు త్రీడీ అలైన్‌మెంట్ సెంటర్లో ఏమవుతుందో చాలామందికి అనుభవమే. టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, సరిచేస్తారు, కంప్యూటర్ తెర మీద ఆ గడి పచ్చగా మారుతుంది. కాస్టర్ గడి (అదేమిటో కింద చెప్తాను) ఎర్రగానే ఉంటుంది. అడిగితే, 'ఈ బండికి అది అడ్జస్ట్ కాదు మేడం' అంటారు. ఆ మాట అబద్ధం కాదు. జిమ్నీ ముందు ఇరుసుకు కాస్టర్ తిప్పే బోల్టు కంపెనీ పెట్టలేదు. కానీ అడ్జస్ట్ చేసే బోల్టు లేనంత మాత్రాన తప్పిన కోణం అలాగే ఉండాలని లేదు కదా. నగరంలోనే ఇంకో చోట గ్యాస్ పెట్టి ఆర్మ్‌ను కాస్త వంచుతామన్నారు. చక్రాన్ని బండికి కట్టి ఉంచే ఇనుమును ఎర్రగా కాల్చి వంచితే దాని బలం ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. దండం పెట్టి వచ్చేశాను.

అసలు ఏం తప్పుతుందో తెలిస్తేనే ఈ షెడ్డులో చేసిన పని విలువ తెలుస్తుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులే, కాయిల్ స్ప్రింగుల మీద. ముందు ఇరుసును రెండు పొడవాటి ఆర్మ్‌లు పట్టుకుంటాయి. ఒక్కో ఆర్మ్ ఇరుసు దగ్గర, బోల్టు చుట్టూ రబ్బరు ఉండే రెండు బుష్షులతో, వెనక చాసిస్ (బండి అడుగు ఫ్రేము) దగ్గర ఒక బుష్షుతో బిగుస్తుంది. ఇరుసు దగ్గర రెండు బుష్షులు ఉండటం వల్ల ఆర్మ్ ఎంత కోణం తిరిగితే ఇరుసూ అంతే తిరుగుతుంది. లిఫ్ట్ వేస్తే చాసిస్ పైకి పోతుంది, ఆర్మ్ వెనక కొస కూడా దానితో పైకి పోతుంది, ఇరుసు పైభాగం ముందుకు ఒరుగుతుంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, ఆ వాలు వల్లే సైకిల్ నేరుగా పోవాలని చూస్తుంది. బండిలో ఆ వాలే కాస్టర్. ఇరుసు ముందుకు ఒరిగితే ఆ వాలు తగ్గిపోతుంది. లెక్క కోసం ఆర్మ్ 80 సెంటీమీటర్లు అనుకోండి, చాసిస్ 5 సెంటీమీటర్లు లేచింది, కోణం మూడున్నర డిగ్రీలు మారుతుంది. కాస్టర్ అంటేనే కొద్ది డిగ్రీల వ్యవహారం, అందులో మూడున్నర పోతే దాదాపు ఏమీ మిగలదు.

రెండోది ప్యాన్‌హార్డ్ రాడ్డు. ఇరుసు పక్కలకు జారకుండా అడ్డంగా పట్టి ఉంచే కడ్డీ, ఒక కొస చాసిస్‌కి, ఇంకో కొస ఇరుసుకి. చాసిస్ లేచే కొద్దీ ఈ రాడ్డు ఏటవాలుగా మారుతుంది, అడ్డంగా దాని నిడివి తగ్గుతుంది, ఇరుసును తన చాసిస్ కొస వైపు లాగుతుంది. 85 సెంటీమీటర్ల రాడ్డు, రెండు కొసల మధ్య ఎత్తు తేడా 10 సెంటీమీటర్ల నుంచి 15కి పెరిగితే ఇరుసు ఏడు మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. వెనక ఇరుసుకూ అలాంటి రాడ్డే ఉంది. ముందుదీ వెనకదీ ఒకే పక్కకి, ఒకే కొలతలో జరగకపోతే బండి ఒళ్లు ఒక దారి, చక్రాలు ఒక దారి.

ఇంకో సంగతి. స్ప్రింగు లిఫ్ట్ డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే గేర్ల డబ్బా) కింద జాగాను ఒక్క మిల్లీమీటరు కూడా పెంచదు, ఎందుకంటే డిఫరెన్షియల్ ఉండేది ఇరుసులో, ఇరుసు కూర్చునేది టైరు మీద. అక్కడ ఎత్తు పెంచేది టైరొక్కటే. నా బండిలో మారిన టైరు వల్ల వ్యాసం పది మిల్లీమీటర్లు పెరిగింది, ఇరుసు లేచింది అందులో సగం, అంటే అయిదు. స్ప్రింగుల లాభమంతా పొట్ట కిందే. గట్లు దాటేటప్పుడు పొట్ట ఆనకుండా ఉండటానికి అది నాకు అవసరం. ఈ అయిదు డోర్ల జిమ్నీ ఇరుసుల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు, మూడు డోర్ల దానికన్నా 340 ఎక్కువ. పొట్ట కింద కోణం కంపెనీ లెక్కలోనే 24 డిగ్రీలు. అందుకే లిఫ్ట్ తీసేసి మామూలు స్ప్రింగులు వేసుకుందామని నేను అనుకోలేదు.

ఇక షెడ్డు. ఫోన్లో ఉస్తాద్ అడిగిన మొదటి మాటే నన్ను కట్టి పడేసింది. 'డాక్టరమ్మా, బండి ఖాళీ చేసి తేవద్దు. రోజూ ఏమేసుకుని తిరుగుతవో అన్నీ అట్లనే ఉండాలె. డీజిలో పెట్రోలో సగం ట్యాంకు ఉండాలె.' బరువుతో బండి ఎంత కిందికి కూర్చుంటుందో ఆ ఎత్తు మీదే కోణాలన్నీ ఆధారపడతాయి. ఖాళీ బండిని కొలిచి సరిచేస్తే నాకు ఉపయోగం లేదు. మందుల పెట్టె, ఐస్ బాక్సు, నత్రజని డబ్బా, గమ్‌బూట్లతో సహా తీసుకెళ్లాను.

ఆ రోజు ఒక్క నట్టు కూడా విప్పలేదు. కొలతలే. నాలుగు చక్రాలకూ హబ్బు నడిమి బిందువు నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా ఎత్తు. తాపీ మేస్త్రీలు వాడే తూకపు గుండును ఫెండర్ నుంచి వేలాడదీసి, రిమ్ముకీ దారానికీ మధ్య దూరం, కుడి ఎడమలు రెండూ. నేల మట్టం సరిగా లేని చోట టైరు కింద పల్చటి రేకులు పెట్టి సమం చేశాడు. ముందు ఇరుసు మీద చదునుగా ఉండే చోట డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టాడు. ప్యాన్‌హార్డ్ రాడ్డు కోణం, స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్ కోణం వేరువేరుగా రాసుకున్నాడు. అన్నీ ఒక నోటు పుస్తకంలో బండి నంబరు వేసి, కార్బన్ కాగితం పెట్టి రాసి, కింది కాపీ నాకిచ్చాడు. ముందు ఇరుసు డ్రైవర్ వైపుకి జరిగి ఉంది. కాస్టర్ సున్నాకి కొంచెం పైన.

కొలతల తర్వాత కూడా నేరుగా కాస్టర్ మీదకు పోలేదు. ముందు చక్రాలు లేపి, రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్డు విప్పి, చక్రం మోసే నకిల్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాడు. నకిల్ ఎంత బరువు దగ్గర కదలడం మొదలుపెడుతుందో చూసి, నకిల్ పక్కలకు తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగుల బిగువు తెలుసుకునే పద్ధతి ఇది. ఎడమ పక్క చాలా తేలిగ్గా కదిలింది. విప్పితే కింది బేరింగులో నీళ్లు దిగిన తుప్పు. 'ఇది ఇట్లుంచి కాస్టర్ పెంచితే ఊగుడు మొదలైతది, నువ్వు మళ్లొచ్చి నన్ను తిడ్తవ్' అన్నాడు. నిజమే, కాస్టర్ పెరిగితే బండి నేరుగా పోతుంది కానీ వదులుగా ఉన్న బేరింగు, అరిగిన బుష్షు, బ్యాలెన్సు లేని చక్రం ఏది ఉన్నా ముందు చక్రాల వణుకు కూడా పెరుగుతుంది. చాలాచోట్ల ఆ వణుకుకి కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కడ్డీకి తగిలించే చిన్న షాకు) బిగించి పంపుతారు. డ్యాంపర్ వణుకును కప్పి పెడుతుంది, కారణం లోపల అలాగే అరుగుతూ ఉంటుంది. రెండు పక్కలా బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్పించాను. షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి మార్చి త్రాసు మీద రెండు పక్కలా ఒకే బరువు వచ్చేదాకా వదల్లేదు.

కాస్టర్ దగ్గర మూడు దార్లు ముందు పెట్టాడు. ఒకటి, ఆర్మ్ చాసిస్ కొసను కిందికి దించే బ్రాకెట్లు. వీటితో ఆర్మ్ మళ్లీ పాత వాలుకే వస్తుంది, గుంతల్లో ముందు భాగం తన్నడం కూడా తగ్గుతుంది, రోడ్డు మీద మూడింటిలో ఇదే హాయి. కానీ బ్రాకెట్ పొట్ట కిందికి వేలాడుతుంది. ఏ జాగా కోసం లిఫ్ట్ వేశామో అందులో కొంత అక్కడే తినేస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు మొదట తగిలేది అదే. రెండు, కోణం సరిచేసి తయారైన కొత్త ఆర్మ్‌లు. మంచివే, ఖరీదు ఎక్కువ, తెప్పించుకోవడానికి ఆగాలి. మూడు, ఇరుసు దగ్గర బుష్షులు మార్చి, రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉండే ఎక్సెంట్రిక్ బుష్షులు వేయడం. ఒకటి పైకి, ఒకటి కిందికి జరిగి ఇరుసును వెనక్కి తిప్పుతాయి.

ఆయన అడిగింది ఒక్కటే: 'రోడ్డు ఎక్కువనా, గట్లు ఎక్కువనా?' నా పని రెండిట్లోనూ ఉంటుంది, పొట్ట కింద జాగా మాత్రం వదులుకోలేను. కాబట్టి బుష్షులు. ఇక్కడే ఆయన మీద నాకు నమ్మకం పెరిగింది, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పని నష్టం కూడా చెప్పాడు. ఒక చక్రం గుంతలో, ఇంకోటి గట్టు మీద ఉన్నప్పుడు ఈ ఆర్మ్‌ల బుష్షులు మెలిపడాలి. రబ్బరైతే మెలిపడుతుంది. ఈ కొత్త బుష్షుల్లో ఉండే పాలీయూరిథేన్ ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది, తక్కువ మెలిపడుతుంది, ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి పోయే వీలు కొంత తగ్గుతుంది, ఆ బలమంతా బ్రాకెట్ల మీద పడుతుంది. అందుకే వీలైనంత మెత్తటి రకం తెప్పించుకోమన్నాడు. చాసిస్ కొస బుష్షు మాత్రం కంపెనీ రబ్బరుదే ఉంచాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు: కాస్టర్ కోసం ఇరుసును వెనక్కి తిప్పితే డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగుతుంది, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే గేర్ల పెట్టె) నుంచి వచ్చే షాఫ్టు జాయింటు కోణం పెరుగుతుంది. కాబట్టి కాస్టర్‌ను ఎంత వీలైతే అంత పెంచడం కాదు, కంపెనీ హద్దులోకి వచ్చిన చోట ఆపాలి.

బుష్షులు నొక్కిన పద్ధతి చూడటానికి నేను పని మానుకుని కూర్చున్నాను. పాత బుష్షులను సుత్తితో కొట్టి తీయలేదు. పక్క లేత్‌లో సరైన సైజు స్లీవు తిప్పించి, హైడ్రాలిక్ ప్రెస్ మీద నొక్కి తీశాడు. కొత్తవి నొక్కే ముందు ఆర్మ్ మీద తెల్ల మార్కరుతో గీత, బుష్షు మీద గీత. ఎక్సెంట్రిక్ బుష్షు తలకిందులైతే కాస్టర్ పెరగడానికి బదులు ఇంకా తగ్గిపోతుంది. కుడి ఆర్మ్‌కీ ఎడమ ఆర్మ్‌కీ కొద్దిగా తేడా వచ్చినా రెండూ ఇరుసును చెరో వైపు మెలిపెడతాయి, బుష్షులు తొందరగా చిరుగుతాయి. అందుకని రెండు ఆర్మ్‌లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, రంధ్రాల్లో ఒకే కడ్డీ దూర్చి, అది రెండిట్లోనూ సాఫీగా జారుతోందో లేదో చూశాడు. మొదటిసారి ఒక బుష్షు దగ్గర పట్టింది. తీసి మళ్లీ నొక్కాడు, కుర్రాడు 'నడుస్తది ఉస్తాద్' అన్నా వినలేదు.

ప్యాన్‌హార్డ్ దగ్గర కూడా ఇలాంటి ఆలోచనే. పొడవు మార్చుకునే రాడ్డు వేస్తే ఇరుసు మధ్యకు వస్తుంది, కానీ రాడ్డు ఏటవాలు అలాగే ఉంటుంది, గుంత వచ్చిన ప్రతిసారీ ఇరుసు పక్కకి ఊగుతూనే ఉంటుంది. ఇరుసు వైపు బ్రాకెట్‌ను పైకి లేపితే రాడ్డు చదునవుతుంది. అది బాగున్నట్టే అనిపిస్తుంది, అయితే పక్కనే డ్రాగ్ లింక్ ఉంది. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి పోయే ఆ కడ్డీ, ప్యాన్‌హార్డ్ రాడ్డు ఒకే వాలులో, దాదాపు ఒకే పొడవులో ఉంటే గుంతలో రెండూ కలిసి కదులుతాయి, స్టీరింగ్‌కి ఏమీ తెలియదు. ఒకదాన్ని చదును చేసి ఇంకోదాన్ని ఏటవాలుగా వదిలేస్తే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. జిమ్నీ డ్రాగ్ లింక్ వాలు మార్చడం అంత సులువు కాదు. అందుకని ముందు పొడవు మారే రాడ్డు ఒక్కటే వేసి, రెండు కోణాలూ దగ్గరగా ఉన్నాయని గేజ్ పెట్టి చూపించి, అక్కడితో ఆగాడు. వెనక స్టీరింగ్ లేదు కాబట్టి అక్కడ బ్రాకెట్ లేపే కిట్టే వేశాడు, వెల్డింగ్ లేకుండా బోల్టులూ క్లాంపులతో.

రాడ్డు పొడవు పెంచి ఇరుసును మధ్యకు తోస్తే డ్రాగ్ లింక్ కూడా అందుకు తగ్గట్టు పెరగాలి. అలా పెంచకపోతే వీల్ వంకరగానే ఉంటుంది. కొందరు స్టీరింగ్ వీల్‌నే ఊడదీసి ఒక పన్ను జరిపి పెడతారు. అప్పుడు కంటికి నేరుగా కనబడుతుంది గాని స్టీరింగ్ బాక్స్ మధ్యలో ఉండదు, స్టీరింగ్ కోణం కొలిచే సెన్సరు చూసేది ఒక కోణం, చక్రాలది ఇంకో కోణం. మలుపుల్లో ఈఎస్‌పీ అనవసరంగా బ్రేకు వేయడానికి అదొక కారణం. ఉస్తాద్ బాక్స్ మధ్య పట్టుకుని, డ్రాగ్ లింక్ సర్ది, టో కుదిర్చి, ఆ తర్వాతే స్కానర్ పెట్టించి స్టీరింగ్ యాంగిల్ సెన్సరును సున్నాకి తెప్పించాడు.

ఆఖరి బిగింపు మొత్తం చక్రాల మీద బండి నిలబెట్టి, నా సామాను లోపలే ఉంచి, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి చేశాడు. లిఫ్ట్ వేసేవాళ్లు చాలామంది వదిలేసే పని ఇదే. బండి జాకు మీద వేలాడుతుండగా రబ్బరు బుష్షు బోల్టు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. కొన్నాళ్లకు చిరుగుతుంది, అప్పటిదాకా ఎత్తు కొలతలు కూడా అబద్ధం చెప్తాయి. ప్రతి బోల్టూ టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగించి పసుపు గీత పెట్టాడు. ఒక చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడదీసి బ్రేకు హోసు, ఏబీఎస్ తీగ సాగిపోతున్నాయేమో చూశాడు. హోసు బిగుతుగా ఉంది, పొడవుది వేయించాం. షాకు అడుగంటే ముందే బంప్ స్టాప్ (దెబ్బ ఆపే రబ్బరు దిమ్మ) తగులుతోందా అన్నదీ స్ప్రింగు తీసి చూశాడు. అది సరిగానే ఉంది.

ఫలితం. షెడ్డులో అలైన్‌మెంట్ మిషను లేదు, బయట వేరే చోట పెట్టించుకున్నాను. కాస్టర్ గడి పచ్చగా మారింది, రెండు పక్కలా తేడా అతి స్వల్పం. నర్సాపూర్ రోడ్డు మీద మొదటి యూ టర్న్ తీసుకుని చేతులు వదిలితే వీల్ తనంతట తాను మధ్యకు వచ్చింది. ఔటర్ మీద వందలో ఒక చేత్తో పట్టుకోవచ్చు, గాలి పక్క నుంచి కొట్టినప్పుడు మాత్రం ఈ బండి ఎత్తు ఎత్తే, కొంచెం కదులుతుంది. మర్రి చెట్ల దగ్గర అంచు దిగి ఎక్కినా దారి తప్పడం లేదు, అది నాకు అన్నిటికన్నా పెద్ద లాభం. ఈఎస్‌పీ లైటు మళ్లీ వెలగలేదు. అనంతగిరి ఘాట్ రోడ్డులో నత్రజని డబ్బా పట్టీ తెంచుకున్నట్టు ఊగడం లేదు. వెనక ప్యాన్‌హార్డ్ చదునైనందువల్ల వెనక భాగం నడుము తిప్పడం బాగా తగ్గింది.

తేడా వచ్చినవీ ఉన్నాయి. స్టీరింగ్ పార్కింగులో మునుపటికన్నా కొంచెం బరువుగా ఉంది, కాస్టర్ పెరిగితే అది సహజం. చలికాలం పొద్దున పాలీ బుష్షులు కిర్రుమంటాయి, సిలికాన్ గ్రీజు పెడితే కొన్నాళ్లు ఆగుతుంది. పొలంలో ఒక చక్రం బాగా కిందికి దిగాల్సిన చోట ఎదుటి చక్రం మునుపటికన్నా ముందే లేస్తోంది. ఆయన ముందే చెప్పిన నష్టం అదే.

షెడ్డు విషయంలో నా అసంతృప్తులు: చెప్పిన రోజుకి బండి ఇవ్వడు. పార్టులు మనమే తెచ్చుకోవాలి, రాణిగంజ్‌లో బేరింగులు, సీళ్లు దొరికాయి గాని రాడ్డులు, బుష్షులు ఆన్‌లైన్లో తెప్పించుకుని ఎదురు చూడాల్సి వచ్చింది. కూర్చోవడానికి ఒక ఇనుప స్టూలు తప్ప ఏమీ లేదు, ఆడవాళ్లకు బాత్రూం సౌకర్యం లేదు, ఆ మాట ఆయనకే చెప్పాను. బిల్లు చేతి రాత. కూలి పద్నాలుగు వేలు తీసుకున్నాడు, పార్టులతో కలిపి అంతకు రెట్టింపుకన్నా ఎక్కువే అయింది. పని చూశాక కూలి ఎక్కువనిపించలేదు.

నేను ఉన్నప్పుడే 2020 తర్వాతి థార్ ఒకటి వచ్చింది, ముందు స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) వేసి లేపినది. దాని ముందు భాగం గట్టి ఇరుసు కాదు, డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రం పైనొకటి కిందొకటి ఆర్మ్‌ల మీద విడిగా కదులుతుంది. అక్కడ బాధలు వేరు: చక్రాన్ని తిప్పే షాఫ్టు కొసల్లోని సీవీ జాయింట్ల కోణం, పై ఆర్మ్ బాల్ జాయింటు చివరి అంచుకి పోవడం, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలడం). పై ఆర్మ్‌లు మార్చకపోతే తన వల్ల కాదని వెనక్కి పంపేశాడు. పాత జిప్సీ ఉన్నవాళ్లకు మాత్రం సంతోషంగా చేస్తాడు. దానికి ముందూ వెనకా కమాన్ పట్టీలే, పట్టీకీ ఇరుసుకీ మధ్య వాలు రేకు పెడితే కాస్టర్ దారికొస్తుంది, అరపూట పని.

వెళ్లేవాళ్లు ఒకటి ఆలోచించుకుని వెళ్లండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్లతో మాట్లాడుకుని, వాళ్లిచ్చిన జవాబు రాతపూర్వకంగా దగ్గర పెట్టుకోండి. పనయ్యాక వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బోల్టులన్నీ మళ్లీ చూపించుకోవాలి. దానికి ఆయన డబ్బు తీసుకోడు, ఆ పసుపు గీతలు కదిలాయేమో కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాడు. బుధవారం పొద్దున వెళ్తే పిట్టు ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ. బండి ఖాళీగా మాత్రం తీసుకెళ్లకండి.